గిగావాట్ల లెక్క, స్కూటర్ల లెక్క

2024 ఆగస్టు 9న విద్యుత్ స్కూటర్లు తయారుచేసే ఓలా ఎలక్ట్రిక్ షేరు స్టాక్ మార్కెట్లోకి వచ్చింది. రూ.76 ఇష్యూ ధరతో మొదలై, పదకొండు రోజుల్లోనే రూ.157 దాకా ఎగబాకి, మరుసటి ఏడాది రూ.50 దిగువకు జారిపోయింది. ఈ పతనానికి కారణాలు చాలా ఉన్నాయి. సర్వీసు మీద కొనుగోలుదారుల అసంతృప్తి, టీవీఎస్, బజాజ్‌ల నుంచి పెరిగిన పోటీ, ఆగని నష్టాలు అందరికీ తెలిసినవే. కానీ అంతకుముందు ఆ షేరు అంత ఎత్తుకు వెళ్లడానికి ఊతమిచ్చిన విషయాల్లో ముఖ్యమైనదానిపై జరగాల్సినంత చర్చ జరగలేదు. అది కృష్ణగిరిలోని సెల్ (బ్యాటరీలో కరెంటును నిల్వ చేసే మూల భాగం) ఫ్యాక్టరీ, దాని విస్తరణ మీద పెట్టుకున్న ఆశ.

మన కుప్పం పొలిమేర దాటితే వచ్చేదే తమిళనాడులోని కృష్ణగిరి జిల్లా. తెలుగు మాట్లాడే కుటుంబాలు తరతరాలుగా ఉన్న ప్రాంతం అది. గిగాఫ్యాక్టరీ అని పిలిచే అక్కడి సెల్ ఫ్యాక్టరీ తొలి దశ సామర్థ్యం ఏడాదికి 1.4 గిగావాట్ అవర్లు. దాన్ని 5కు, ఆపై 6.4కు, చివరికి 20కి పెంచాలన్నది కంపెనీ మదుపరుల ముందుంచిన ప్రణాళిక. 5 నుంచి 6.4కు పెంచే పనికే పబ్లిక్ ఇష్యూ సొమ్ములో సుమారు రూ.1,227 కోట్లు కేటాయిస్తామని ప్రాస్పెక్టస్‌లో, అంటే మదుపరులకు ఇచ్చే వివరణ పత్రంలో రాసింది. ఇక చివరి అంకె అయిన 20 కేంద్రం ఇచ్చింది. దేశంలో 50 గిగావాట్ అవర్ల సెల్ తయారీ సామర్థ్యాన్ని నెలకొల్పడానికి 2021 మేలో రూ.18,100 కోట్లతో ఆమోదించిన ఉత్పత్తి ఆధారిత ప్రోత్సాహక పథకంలో 20 గిగావాట్ అవర్ల వాటా ఈ కంపెనీకే దక్కింది.

ఈ అంకెలు ఎంత పెద్దవో తెలియాలంటే వాటిని స్కూటర్లలోకి మార్చి చూడాలి. మన కరెంటు బిల్లులోని ఒక యూనిట్ అంటే ఒక కిలోవాట్ అవర్. అలాంటివి పది లక్షలు కలిస్తే ఒక గిగావాట్ అవర్. ఒక్కో విద్యుత్ స్కూటర్ బ్యాటరీ సగటున మూడున్నర యూనిట్లు అనుకుంటే, ఒక గిగావాట్ అవర్ సెల్స్ దాదాపు 2.85 లక్షల స్కూటర్లకు సరిపోతాయి. 2024-25లో ఈ కంపెనీ కొనుగోలుదారులకు అందించినవి 3.59 లక్షల వాహనాలు. వాటన్నిటికీ సొంత సెల్స్ వాడినా 1.3 గిగావాట్ అవర్లు మించవు. అంటే తొలి దశ పూర్తి స్థాయిలో నడిస్తే చాలు, ఆ ఏడాది అమ్మకాలన్నీ గట్టెక్కేవి. 5 గిగావాట్ అవర్లతో 14 లక్షలకు పైగా స్కూటర్లు నడుస్తాయి. అదే ఏడాది దేశంలోని కంపెనీలన్నీ కలిసి అమ్మిన విద్యుత్ ద్విచక్ర వాహనాలు దాదాపు 11.5 లక్షలు మాత్రమే. 20 గిగావాట్ అవర్లను ద్విచక్ర వాహనాలతోనే నింపాలంటే ఏడాదికి 57 లక్షల స్కూటర్లు కావాలి. ఇళ్లకు, సౌర విద్యుత్ కేంద్రాలకు నిల్వ బ్యాటరీలు అమ్మే దారి ఉన్న మాట నిజమే, అది పెరిగే మార్కెట్ అన్నదీ నిజమే. కానీ ఆ మార్కెట్‌ను కొత్తగా గెలుచుకోవాలి, అదీ చవకైన చైనా సెల్స్‌తో తలపడి. విస్తరణ ప్రకటన వెలువడగానే షేరు వెంట పరుగెత్తిన మదుపరుల్లో ఈ కూడికలు, భాగహారాలు చేసుకున్నవారు ఎందరుంటారు? చేసి చూపించాల్సిన బ్రోకరేజీ సంస్థలు ఆ పని సరిగా చేశాయని మేము అనుకోవడం లేదు.

గిరాకీ సంగతి అలా ఉంచితే, ఫ్యాక్టరీలో యంత్రాలు బిగించడం ఒక ఎత్తు, వాటి నుంచి మంచి సెల్స్ రాబట్టడం మరో ఎత్తు. ఈ కంపెనీ ఎంచుకున్న, 46 మిల్లీమీటర్ల వ్యాసం, 80 మిల్లీమీటర్ల ఎత్తు ఉండే 4680 సెల్ చూడటానికి చిన్న డబ్బాలా ఉంటుంది. రాగి, అల్యూమినియం రేకులపై రసాయన ముద్దను సమానంగా పూయాలి, ఆరబెట్టాలి, నొక్కాలి, చుట్టాలి. గాలిలో తేమ దాదాపు లేకుండా చేసిన గదుల్లో ఎలక్ట్రోలైట్ అనే ద్రవాన్ని నింపాలి. ఆ తర్వాత రోజుల తరబడి నెమ్మదిగా ఛార్జ్ చేసి, ఆరబెట్టిన ధాన్యాన్ని చెరిగినట్టు పనికిరానివాటిని ఏరి పక్కన పెట్టాలి. పూతలో కొద్ది మైక్రాన్ల (మిల్లీమీటరులో వెయ్యో వంతు ఒక మైక్రాన్) తేడా వచ్చినా ఆ సెల్ తుక్కే. కొత్త ఫ్యాక్టరీలు మొదటి ఏడాది, రెండేళ్లు ఈ తుక్కుతోనే సతమతమవుతాయి. ఇది ఎవరి అసమర్థతా కాదు, ఈ పరిశ్రమ స్వభావమే అంత. 4680 సెల్‌ను 2020 సెప్టెంబరులో ప్రపంచానికి పరిచయం చేసిన టెస్లా, 2022 నాటికి 100 గిగావాట్ అవర్లు సొంతంగా తయారుచేస్తామని చెప్పింది. అంతటి కంపెనీ కూడా ఆ గడువుకు దరిదాపుల్లోకి రాలేకపోయింది.

స్వీడన్‌కు చెందిన నార్త్‌వోల్ట్ అనుభవం ఇంకా కఠినమైనది. టెస్లా మాజీ అధికారులు స్థాపించిన ఆ సంస్థకు ఫోక్స్‌వాగన్, గోల్డ్‌మన్ శాక్స్ వంటి దిగ్గజాలు అండగా నిలిచాయి. రుణాలు, పెట్టుబడులు కలిపి దాదాపు 1,500 కోట్ల డాలర్లు సమకూరాయి. స్వీడన్ పట్టణం షెలెఫ్టియోలో ఫ్యాక్టరీ లేచింది, ఆర్డర్లు వచ్చాయి. కావలసినన్ని మంచి సెల్స్ మాత్రం రాలేదు. 2024లో బీఎండబ్ల్యూ 200 కోట్ల యూరోల ఆర్డరును రద్దు చేసుకుంది. 2025 మార్చిలో నార్త్‌వోల్ట్ స్వీడన్‌లో దివాలా ప్రకటించింది. తయారీలో అనుభవం తోడుకాకపోతే అంతటి డబ్బు కూడా ఆ సంస్థను నిలబెట్టలేకపోయింది.

ధర విషయం కూడా ఉంది. 2022 చివర్లో చైనాలో టన్ను దాదాపు 6 లక్షల యువాన్లు పలికిన లిథియం కార్బొనేట్ (సెల్ తయారీకి ముఖ్యమైన ముడిసరుకు) తర్వాతి రెండేళ్లలో లక్ష యువాన్ల దిగువకు పడింది. బ్యాటరీ ప్యాక్ సగటు ధర 2024లో ఒక్క ఏడాదిలోనే 20 శాతం తగ్గి, కిలోవాట్ అవర్‌కు 115 డాలర్లకు చేరింది. బయట కొనే సెల్ ఇంత వేగంగా చవకవుతున్నప్పుడు, సొంత సెల్‌తో ఆదా అవుతుందని వేసిన పాత అంచనాలను మళ్లీ మొదటి నుంచి వేసుకోవాలి.

ఇంత చెప్పినా, సెల్ తయారీ ఈ దేశానికి అనవసరమని మేము అనడం లేదు. అత్యవసరమని అంటున్నాం. ప్రపంచంలోని లిథియం అయాన్ సెల్స్‌లో నాలుగింట మూడు వంతులకు పైగా ఒక్క చైనాలోనే తయారవుతున్నాయి. సెల్ తయారీకి కావలసిన గ్రాఫైట్ ఎగుమతికి 2023 డిసెంబరు నుంచి ఆ దేశం అనుమతులు తప్పనిసరి చేసింది. 2025 జులైలో సెల్‌లోని క్యాథోడ్ (ధన ధ్రువం) తయారీ పరిజ్ఞానం బయటకు పోకుండా ఆంక్షలు విధించింది. రేపు సెల్స్‌నే ఆపితే మన వీధుల్లో తిరిగే విద్యుత్ ఆటోలు, బస్సుల పరిస్థితి ఏమిటి? కృష్ణగిరి ఫ్యాక్టరీ నిలదొక్కుకోవాలి. మహబూబ్‌నగర్ సమీపంలోని దివిటిపల్లిలో పదేళ్లలో రూ.9,500 కోట్లు వెచ్చించి 16 గిగావాట్ అవర్ల సెల్ తయారీకి చేరాలని అమర రాజా పెట్టుకున్న లక్ష్యమూ నెరవేరాలి. లెడ్ యాసిడ్ బ్యాటరీల్లో దశాబ్దాల అనుభవం ఉన్న ఆ సంస్థకు కూడా లిథియం కొత్త విద్యే కాబట్టి, పైన చెప్పిన పరీక్షలన్నీ దానికీ వర్తిస్తాయి.

మదుపరులు గమనించాల్సిన విషయం కేంద్ర పథకంలోనే ఉంది. సామర్థ్యం ప్రకటించినందుకో, షెడ్డు లేపినందుకో ప్రభుత్వం ప్రోత్సాహకం ఇవ్వదు. తయారై అమ్ముడైన సెల్స్‌కే ఇస్తుంది. అందులోనూ రెండేళ్లలో 25 శాతం, ఐదేళ్లలో 60 శాతం విలువ దేశంలోనే చేరాలన్న షరతు పెట్టింది. ఖజానా సొమ్ముకు ఇంత కాపలా ఉన్నప్పుడు, జీతంలో మిగిల్చి షేర్లు కొనే హైదరాబాద్, విజయవాడ ఉద్యోగుల సొమ్ముకు ఎందుకు ఉండకూడదు? పబ్లిక్ ఇష్యూ నిధులు ఎక్కడ ఖర్చయ్యాయో చూసే పర్యవేక్షణ ఏజెన్సీ, స్టాక్ మార్కెట్ల నియంత్రణ సంస్థ సెబీ నిబంధనల్లో ఉంది. కానీ ఖర్చు జరిగిందా లేదా అన్నంతవరకే దాని పని. ఆ ఖర్చుకు ఎన్ని సెల్స్ వచ్చాయన్నది అది చెప్పదు.

ఆ లోటును సెబీ పూరించాలి. పబ్లిక్ ఇష్యూ నిధులతో గానీ, ప్రోత్సాహక పథకం కింద గానీ సెల్ ఫ్యాక్టరీ కట్టే ప్రతి లిస్టెడ్ కంపెనీ మూడు నెలల ఫలితాలతోపాటే కొన్ని వివరాలు ఇవ్వాలి. బిగించిన సామర్థ్యమెంత, నిజంగా తయారైనవెన్ని, నాణ్యత పరీక్షలో నెగ్గినవెన్ని, వాటిలో సొంత వాహనాల్లోకి వెళ్లినవెన్ని, బయట కొన్న సెల్‌తో పోల్చితే ఒక్కోదానికి అయిన ఖర్చెంత అన్నవి అందులో ఉండాలి. వాణిజ్య రహస్యమన్న అభ్యంతరం చివరి అంశానికి కొంత వర్తించవచ్చు, మిగతా వాటికి వర్తించదు. భారీ పరిశ్రమల శాఖ కూడా 50 గిగావాట్ అవర్లలో ఇప్పటికి నడుస్తున్నదెంత, గడువు దాటిందెంత అన్న వివరాలను కంపెనీలవారీగా ప్రతి మూడు నెలలకు ప్రజల ముందు పెట్టాలి. పార్లమెంటులో ఎవరైనా సభ్యులు ప్రశ్న వేస్తేనే ఈ లెక్కలు బయటకు వచ్చే పరిస్థితి ఇకనైనా మారాలి.