విద్యార్థి పని చకచకా జరిగే చోటే ఉద్యోగికీ సుఖం

విశ్వవిద్యాలయంలో ఉద్యోగం అనగానే శ్రీకాకుళం, విజయనగరం వంటి మన జిల్లాల్లో మొదట అడిగేది స్కేలెంత అని, ఆ తర్వాత రెగ్యులరా కాంట్రాక్టా అని. రెండూ అడగాల్సినవే. అక్కడ ఒక విద్యార్థి పని ఎంతసేపట్లో అవుతుందని మాత్రం ఎవరూ అడగరు. ఆ ఆఫీసులో ఉద్యోగి ప్రశాంతంగా బతుకుతాడో లేదో నేనైతే దాన్నిబట్టే చెప్పేస్తాను.

మనకు విశ్వవిద్యాలయాల నేమ్ బోర్డులకేం కొదవ లేదు. 2008లో శ్రీకాకుళం దగ్గర ఎచ్చెర్లలో అంబేద్కర్ విశ్వవిద్యాలయం, 2019లో విజయనగరానికి కేంద్రీయ గిరిజన విశ్వవిద్యాలయం, ఆ తర్వాత అక్కడే సాంకేతిక విద్యకు జేఎన్‌టీయూ గురజాడ వచ్చాయి. 2023 చివర్లో రాష్ట్రమంతటా మూడు వేల పైచిలుకు బోధన పోస్టులకు నోటిఫికేషన్లు వెలువడ్డాయి. 

పరీక్షల విభాగంలో చాలాకాలం పనిచేసి రిటైరైన మిత్రుడొకరున్నారు. ఏ విశ్వవిద్యాలయమన్నది ఇక్కడ అనవసరం. డిగ్రీ పూర్తయ్యాక ఇచ్చే ప్రొవిజనల్ సర్టిఫికెట్ కోసం మందస నుంచి ఓ కుర్రాడు వస్తాడు. పలాసలో రైలెక్కి, ఆమదాలవలసలో దిగి, బస్సు పట్టుకుని కిటికీ దగ్గరకు చేరేసరికి పదకొండు. చలానా కట్టి రమ్మంటారు. కట్టి వచ్చేసరికి భోజనాల వేళ. ఆ తర్వాత సంతకం పెట్టాల్సిన అధికారి సీట్లో ఉండరు. ‘ఏటి సార్, మళ్లీ రేపేనా?’ అని ఆ కుర్రాడు అడిగితే కిటికీలో ఉన్న మనిషి దగ్గర జవాబుండదు. సంతకం తన చేతిలో లేదు, తిట్లు మాత్రం తనకే. ఇవాళ ‘రేపు రా’ అని పంపినవాళ్లంతా రేపు వాళ్ల నాన్ననో, ఊరి నాయకుణ్నో వెంటబెట్టుకుని వస్తారు. మా మిత్రుడికి బీపీ మాత్రలు మొదలైంది ఆ కిటికీ దగ్గరే. తర్వాత వచ్చిన అధికారి ఒకరు సంతకం అధికారం సెక్షన్‌లోనే ఒకరికి ఇచ్చి, డబ్బు కట్టించుకోవడం, కాగితం ఇవ్వడం ఒకే చోటికి మార్చారు. జీతం రూపాయి పెరగలేదు, మనిషి మాత్రం మధ్యాహ్నం క్యారేజీ విప్పుకుని నింపాదిగా తినగలిగాడు.

అధ్యాపకుల సంగతీ ఇంతే. విశ్వవిద్యాలయ నిధుల సంఘం (యూజీసీ) 2018 నిబంధనల ప్రకారం వారానికి 40 గంటల పనిలో అసిస్టెంట్ ప్రొఫెసర్ పాఠం చెప్పాల్సింది 16 గంటలు. మిగతా 24 గంటలు పరిశోధనకు, పిల్లల సందేహాలకు పోవాలి. పోతున్నాయా? కాలేజీలకు, విశ్వవిద్యాలయాలకు గ్రేడు ఇచ్చే న్యాక్‌కు ఒక నమూనా, ర్యాంకింగులకు ఇంకొకటి, పైఆఫీసుకు మరొకటి అంటూ అదే సమాచారాన్ని మళ్లీ మళ్లీ నింపడానికే సరిపోతోంది. పాఠం చెప్పి నీరసపడ్డ మాస్టారు మరుసటి రోజు హుషారుగానే వస్తారు. ఫార్మాట్లు నింపి నీరసపడ్డవారు సెలవుచీటీ పంపుతారు. ఇంట్లో తొలిసారి డిగ్రీ గడప తొక్కిన పిల్ల సెమినార్‌లో లేచి నిలబడి నోట్సు చూడకుండా పది నిమిషాలు మాట్లాడిందనుకోండి, దాన్ని ఆ మాస్టారు ఏడాదంతా చెప్పుకుంటారు. ఈ తృప్తి ప్రైవేటు క్యాంపస్‌లో దొరకదని అనను. అక్కడ అడ్మిషన్ల టార్గెట్ నెత్తిన పెట్టి కరపత్రాలతో ఊళ్లు తిప్పుతుంటే దాన్ని అనుభవించే తీరిక ఎక్కడిది?

జీతమే సరిగా రానివాడికి ఈ కబుర్లెందుకని అంటారు. నిజమే. యూజీసీ 2019లో గెస్ట్ ఫ్యాకల్టీకి, అంటే తాత్కాలికంగా పాఠాలు చెప్పేవారికి, లెక్చర్‌కు 1,500 రూపాయలు, నెలకు గరిష్ఠంగా 50 వేలు అంది. అది గరిష్ఠమే, హామీ కాదు. విద్యార్థి వైపు నుంచి చూసినా తేలేది, అధ్యాపకుడికి పర్మనెంట్ పోస్టు ఉండాలనే. పీహెచ్‌డీ చేసేవాడికి నాలుగైదేళ్లు ఒకే గైడు కావాలి. వచ్చే జూన్‌లో ఉంటాడో లేడో తెలియని మనిషి చేతిలో వాణ్ని పెట్టలేం. పోస్టు పర్మనెంట్ చేయడానికి ఇంతకన్నా బలమైన వాదన ఉద్యోగ సంఘాల దగ్గర కూడా లేదు, ఎందుకో వాళ్లు దీన్ని వాడుకోరు.

అసలు నా బాధ వేరే ఉంది. సాయంత్రం నాలుగున్నర దాటాక మన క్యాంపస్‌ల ముందు నిలబడి చూడండి. విశాఖ వైపు వెళ్లే బస్సుల కోసం సార్లు, మేడమ్‌లు బ్యాగులతో బారులు తీరి ఉంటారు. పిల్లల చదువులు, ఆస్పత్రి, సొంత ఫ్లాటు అన్నీ అక్కడే. వాళ్లను తప్పుపట్టను. శ్రీకాకుళంలో, విజయనగరంలో ఏది పెట్టినా దాని మనసు విశాఖలోనే ఉండేలా యాభై ఏళ్లుగా నడిపింది మన పాలకులు. ఫలితంగా ఆరు దాటాక హాస్టల్లో పిల్లలు, వాచ్‌మన్ తప్ప ఎవరూ మిగలరు.

ఇదే నేల మీద పుట్టిన గిడుగు రామమూర్తి ఇప్పటి ఒడిశాలోని పర్లాకిమిడిలో బడిపంతులుగా ఉంటూ సవర గిరిజనుల భాష నేర్చుకున్నాడు, వాళ్ల పిల్లల కోసం ఆ భాషలోనే పుస్తకాలు రాశాడు. నాలుగున్నర బస్సు పట్టుకునేవాడికి అది సాధ్యమయ్యే పని కాదు. అందుకే కొత్త పరిపాలన భవనానికి శంకుస్థాపన అన్నప్పుడల్లా నేనడిగేది ఒక్కటే: స్టాఫ్ క్వార్టర్స్ ఎన్ని కడుతున్నారు, దగ్గర్లో వాళ్ల పిల్లలను చేర్చదగ్గ బడి ఉందా? ఈ రెండూ లేకుండా పోస్టులు నింపితే, ఆర్టీసీ విశాఖకు ఇంకో రెండు సర్వీసులు పెంచుకోవాల్సి వస్తుంది.