ఇంటికి 500 మీటర్ల లోపు టవర్ ఉండకూడదా? అలాంటి రూల్ లేదు

"ఇళ్లకు 500 మీటర్ల లోపు సెల్ టవర్ కట్టకూడదని సుప్రీంకోర్టు తీర్పు. టవర్ కింద ఉన్న ఇళ్లకే క్యాన్సర్ ముప్పు. పంచాయతీ తీర్మానం చేస్తే టవర్ ఆగాల్సిందే." మన నెల్లూరు జిల్లాలో కావలి, బోగోలు, అల్లూరు వైపు ఎక్కడ టవర్ పని మొదలైనా ఈ మెసేజ్ గ్రూపుల్లో తిరుగుతుంది. దీన్ని నమ్మినవాళ్లు అడగాల్సినవి వదిలేసి, చట్టంలో లేనివి అడుగుతున్నారు. నా బాధ అదే.

ముందు ఆ 500 మీటర్ల సంగతి. సుప్రీంకోర్టు దేశమంతటికీ అలాంటి దూరం పెట్టలేదు. 2017లో గ్వాలియర్‌లో ఒక బీఎస్ఎన్ఎల్ టవర్‌ను ఆపమంది, ఆ ఆదేశం ఆ ఒక్క టవర్‌కే. 2012లో స్కూళ్లు, ఆసుపత్రుల దగ్గర టవర్లు తీసేయమన్నది రాజస్థాన్ హైకోర్టు, అది ఆ రాష్ట్రం మాట. టెలికాం శాఖ 2013 ఆగస్టు మార్గదర్శకాలైతే స్కూలు, ఆసుపత్రి అంటూ ప్రత్యేక నిషేధాలు అక్కర్లేదనే అంటాయి.

అలాగని దూరం లెక్కే లేదనుకోవద్దు. అవే మార్గదర్శకాల్లో ఒక పట్టిక ఉంది. యాంటెన్నా ఒకటైతే 20 మీటర్లు, రెండైతే 35, నాలుగైతే 45, ఆరైతే 55. ఆ దూరం లోపల, యాంటెన్నాకు సూటిగా ఎదురుగా, దాదాపు అంతే ఎత్తున్న కట్టడం ఉండకూడదు. అన్నీ ఒకంతస్తు మిద్దెలే ఉన్న పల్లెలో పొడవాటి టవర్‌కు ఈ సమస్యే రాదు. నెల్లూరు మాగుంట లేఅవుట్ లాంటి చోట అపార్ట్‌మెంట్ మీద యాంటెన్నా పెడితే, ఎదుటి అపార్ట్‌మెంట్ పై అంతస్తు వాళ్లు మాత్రం టేపు పట్టుకుని కొలవాల్సిందే. మెసేజ్‌లో ఈ ముక్క లేదు!

ఇక క్యాన్సర్. ప్రపంచ ఆరోగ్య సంస్థ కింద పనిచేసే క్యాన్సర్ పరిశోధన సంస్థ 2011లో రేడియో తరంగాలను 'క్యాన్సర్ కారకం కావచ్చు' అనే 2బి వర్గంలో చేర్చిన మాట నిజం. దానికి ప్రధాన ఆధారం చెవికి ఆనించుకునే ఫోన్ల మీద జరిగిన అధ్యయనాలు, టవర్ల మీద కాదు. మన దేశం 2012 సెప్టెంబర్ 1 నుంచి టవర్ రేడియేషన్ పరిమితిని అంతర్జాతీయ పరిమితిలో పదో వంతుకు తగ్గించింది. ఫోన్లు వాడే 900 మెగాహెర్ట్జ్ తరంగాలకు అది చదరపు మీటరుకు 0.45 వాట్లు. పైగా యాంటెన్నా టార్చిలైటులా ముందుకు కొడుతుంది, కాళ్ల కిందికి కాదు. అందుకే టవర్ అడుగున తీవ్రత తక్కువే ఉంటుంది. టవర్ దూరమై సిగ్నల్ బలహీనపడితే మన ఫోనే ఎక్కువ పవర్‌తో పనిచేస్తుంది, అదీ తలకు ఆనించుకుని.

పంచాయతీ తీర్మానం మాటకొస్తే, 2022 ఆగస్టులో కేంద్రం నిబంధనలు సవరించి, ప్రైవేటు స్థలంలో టవర్‌కు స్థానిక సంస్థ అనుమతి అక్కర్లేదని, నిర్మాణ భద్రతపై ఇంజనీర్ సర్టిఫికెట్‌తో ముందుగా రాతపూర్వకంగా తెలిపితే చాలని చెప్పింది. ఆ పాత నిబంధనల చోట 2025 జనవరి 1 నుంచి కొత్తవి వచ్చాయి, కాబట్టి ఇప్పటి రూల్ ఏదైనా వాటిలోనే చూసుకోవాలి. రేడియేషన్ పేరుతో టవర్‌కు తాళం వేయడం, కరెంటు తీయించడం టెలికాం శాఖ సమ్మతి లేకుండా కుదరదని 2013 మార్గదర్శకాలూ అన్నాయి. మన తీరంలో ఇది ఇంకా ముఖ్యం. 2023 డిసెంబర్ 5న మిచాంగ్ తుఫాను బాపట్ల దగ్గర తీరం దాటింది. అలాంటి రోజుల్లో హెచ్చరిక మెసేజ్ జువ్వలదిన్నె మత్స్యకారుడి ఫోన్‌కు చేరాలంటే దగ్గర్లో టవర్ ఉండాలి.

మరి ఊరివాళ్లు అడగాల్సినవేంటి? కొత్త టవర్ బరువును ఆ పాత మిద్దె మోస్తుందా, సర్టిఫికెట్ ఎవరిచ్చారు? జనరేటర్‌కు శబ్దం ఆపే పెట్టె ఉందా? దాని మోత మీటరు దూరంలో 75 డెసిబెల్స్ దాటకూడదు. రాత్రి నిద్ర చెడగొట్టే జనరేటర్ మీద ఫిర్యాదు పూర్తిగా న్యాయం. ఇలాంటి ఫిర్యాదులు వినడానికే జిల్లా టెలికాం కమిటీ ఉండాలని కూడా 2013లోనే చెప్పారు. రేడియేషన్ మీద అనుమానం తీరకపోతే టెలికాం శాఖవారి 'తరంగ్ సంచార్' పోర్టల్‌లో రూ.4,000 కట్టి మీ ఇంటి దగ్గరే కొలవమని అడగొచ్చు. వీధి వీధంతా తలా కొంచెం వేసుకుంటే ఎవరికీ భారం కాదు.