సవరణ: న్యూయార్క్ లాడ్జింగ్ హౌసులు, 1890 జనగణన

న్యూయార్క్ బవరీ వీధిలో పేదలకు చవకగా బస ఇచ్చిన లాడ్జింగ్ హౌసుల గురించి ఇంతకుముందు రాసినప్పుడు, వాటిలో బస చేసినవారి పేర్లను 1890 జనగణన పత్రాల్లో వెతకవచ్చని చెప్పాను. అది నా పొరపాటు. ఆ పత్రాలు 1921లో వాషింగ్టన్‌లో జరిగిన అగ్నిప్రమాదంలో చాలావరకు పాడైపోగా, మిగిలినవాటిలో అధిక భాగాన్ని తర్వాత ప్రభుత్వమే ధ్వంసం చేయించింది. కాబట్టి వెతకవలసింది 1880, 1900 పత్రాల్లో. ఇంటి పెద్దతో ప్రతి వ్యక్తికీ ఉన్న సంబంధాన్ని 1880లోనే తొలిసారి నమోదు చేశారు గనుక, భార్య, కొడుకు, పనిమనిషి అన్న వరసల కింద ‘బోర్డర్’ (డబ్బిచ్చి బస, భోజనం పొందేవారు) అని రాసిన పేర్లు అందులో బారులుగా కనిపిస్తాయి.

మరొకటి: పోలీసు స్టేషన్లలో రాత్రి బసకు డబ్బు తీసుకునేవారని రాశాను. నిజానికి అది ఉచితం. పరుపేమీ ఉండేది కాదు, పడుకోవడానికి ఉత్త చెక్కపలకలే. తర్వాత అమెరికా అధ్యక్షుడైన థియొడోర్ రూజ్‌వెల్ట్ న్యూయార్క్ పోలీసు బోర్డు అధ్యక్షుడిగా ఉండగా, 1896లో ఆ బస గదులను మూయించారు.