మా ఎండ్ ఓకే

ప్రపంచంలో చెడిపోయే వస్తువులన్నీ ఎదుటివాడి వైపే చెడతాయి. శ్రీకాకుళంలో ఒక స్విచ్ రూములో కాంట్రాక్టు ఉద్యోగం వెలగబెట్టిన నాలుగేళ్లలో నేను నేర్చుకున్న విద్య ఇదొక్కటే.

ఏటీఎం స్విచ్ అంటే డబ్బులిచ్చే డబ్బా అనుకుని మా మావయ్య నన్ను కొత్త నోట్లు అడిగేవాడు. అది కాదు మావయ్యా, ఇది అసింక్రనస్ ట్రాన్స్‌ఫర్ మోడ్. ఏ సమాచారాన్నయినా 53 బైట్ల సెల్స్‌గా తరిగి పంపుతుంది. సరుకు 64 బైట్లుండాలని అమెరికా వాళ్లు, 32 చాలని యూరప్ వాళ్లు పట్టుబడితే మధ్యలో 48కి బేరం తెగింది. చిరునామాకి ఇంకో 5. రైతుబజారులో వంకాయలు కూడా ఇలాగే కొంటాం.

ఇక వర్చువల్ పోర్టు. అన్నదమ్ములు వేరుపడ్డప్పుడు ఉన్న ఒక్క బావినీ కాగితం మీద నలుగురికీ పంచుతారు చూశారా, అదే ఇది. ఒక్క ఫైబర్ పోర్టులో తలా ఒక వాటా రాయాలి, సెకనుకు ఇన్ని సెల్స్ అని. 155 మెగాబిట్ల పోర్టులో పట్టేవి సెకనుకి మూడున్నర లక్షలు. మా సారు నలుగురికీ తలో రెండు లక్షలు రాసేశారు. "అందరూ ఒకేసారి తోడీస్తారేటి?" అన్నారు. తోడేవారు. ప్రతి నెలా ఒకటో తారీఖున, పింఛన్ల రోజున, అందరూ ఒకేసారే తోడేవారు.

సరే, అదలా ఉంచండి. పాత లైన్లను విశాఖ వైపు కొత్త వర్చువల్ పోర్టులోకి మార్చిన రోజు సంగతి చెప్పాలి. వీపీఐ అంటే ప్రతి సెల్ మీదా రాసుండే దారి నంబరు, ఇంటి నంబరులాంటిది.

"మీ వీపీఐ ఎంత సార్?"

"300."

"మాది 255 దాటి తీసుకోదు సార్."

"మా ఎండ్ ఓకే."

విశాఖ వాళ్లు ఆ పోర్టును రెండు స్విచ్‌ల మధ్య ఉండే ఎన్ఎన్ఐగా పెట్టారు. అందులో వీపీఐకి 12 బిట్లు, 4095 దాకా చోటు. మేం పెట్టింది వాడుకునేవాడికీ స్విచ్‌కీ మధ్య ఉండే యూఎన్ఐ. 8 బిట్లే. వాళ్లు 300 అని రాసి పంపిన సెల్ మా దగ్గర 44గా దిగేది. 44 నంబరు ఇంట్లో మనుషుల్లేరు. స్విచ్ కిక్కురుమనకుండా పారేసేది.

పచ్చ లైటు మాత్రం రెండు వైపులా వెలుగుతూనే ఉంది. వాళ్ల సారు లైటు చూశారు. మా సారు లైటు చూశారు. "మాది గ్రీనండి." "మాదీ గ్రీనేనండి." ఏడు రోడ్ల కూడలికి వెళ్లి టీ తాగొచ్చి మళ్లీ చూశారు. అప్పటికీ గ్రీనే. రీస్టార్ట్ చేశారు. ఎర్రగా మారి, పసుపై, మళ్లీ పచ్చబడింది. గది గదంతా సంతోషించింది. రెండో రోజుకి మెయిళ్లు మొదలయ్యాయి. మూడో రోజుకి వాటిని అందుకునేవాళ్ల జాబితా పెళ్లిపిలుపుల జాబితాను మించిపోయింది. నేను నోరు జారి "పోర్టు టైపు మార్చితే..." అన్నాను. "నీకు పాస్‌వర్డ్ ఎవడిచ్చాడు?" అన్నారు సారు.

ఆ పోర్టు అవతల పాలకొండ వైపు ఒక బ్యాంకు బ్రాంచి ఉంది. మోడెం చూసి రమ్మని నన్నక్కడికి పంపారు. మొగుడు పోయాక వచ్చే పింఛను కోసం సీతంపేట కొండల మీంచి ఆటోలో దిగిన ముసలమ్మ, వరసగా మూడో రోజు మెట్ల మీద కూర్చునుంది. "లింకు నేదంతన్నారు బావూ. ఆ లింకు ఏ ఊర్నుంచి రావాలి?" అని నన్నడిగింది. ఏం చెప్పను? ఆవిడ మూడు రోజుల ఆటో చార్జీ ఏ సారు ఇస్తాడు? ఒక్క కమాండు. ఒక్కటంటే ఒక్కటి. నిమిషం పట్టదు. ఏసీ గదిలో కూర్చుని లైటు రంగు చెప్పుకోవడానికా వీళ్లకి జీతాలు? అవతలివాడిని "నీ సెట్టింగ్ ఒకసారి చదవండి" అని అడిగితే నాలిక ఊడిపడుతుందా? సిగ్గుండాలి. నాకూ ఉండాలి, ఆ మూడు రోజులూ నేనూ ఆ లైటే చూశాను.

ఆ రాత్రి ఎవరో పోర్టు టైపు మార్చి, 300 రాసేశారు. ఎవరో చెప్పను. పాస్‌వర్డ్ మానిటర్ కింద చీటీ మీదే ఉండేది. పొద్దున్నే సారు కంప్లైంట్ రిజిస్టరు తెప్పించుకుని, ఎర్ర ఇంకుతో, ముత్యాల్లాంటి అక్షరాలతో రాశారు: "సమస్య దానంతటదే పోయింది. మా ఎండ్ ఓకే."