వినపడదని ఎన్నిసార్లు రుజువు చేయాలి?

చెవులకు హెడ్‌ఫోన్ పెడతారు. బీప్ వినిపిస్తే వేలు ఎత్తమంటారు. కూర్చున్నది తెల్లవారుజామున మొదటి బస్సెక్కి వచ్చిన మనిషి. తలుపు అవతల సదరం (వైకల్య ధ్రువీకరణ) క్యాంపుకి వచ్చిన జనం, వాళ్ల పేర్లు పిలిచే అటెండర్ కేకలు, ఫ్యాను చప్పుడు. బీప్ వినిపించిందో, వినిపించినట్టు అనిపించిందో తెలియక వేలు సగం ఎత్తి దించుతాడు. పావుగంటలో ముగిసే ఆ పరీక్షలోంచి ఒక శాతం బయటికొస్తుంది. ఆంధ్రలో అది 40 అయితే పింఛను. 39 అయితే లేదు.

ఆంధ్రప్రదేశ్‌లో దివ్యాంగుల పింఛను ఇప్పుడు నెలకు 6,000 రూపాయలు. 2024లో 3,000 నుంచి ఒక్కసారిగా పెరిగింది. తెలంగాణలో 2023 నుంచి 4,016. రెండు రాష్ట్రాల్లోనూ వృద్ధాప్య పింఛను దీనికంటే తక్కువ. ఆంధ్రలో 4,000, తెలంగాణలో 2,016. ఈ తేడాయే కొందరిని దళారుల దగ్గరికి నడిపించింది, అందులో దాచేదేమీ లేదు. కాలు లేకపోతే కంటికి కనిపిస్తుంది. చెవుడు కనిపించదు. అందుకే దొంగ సర్టిఫికెట్ల మాట వచ్చినప్పుడల్లా అనుమానం మొదట చెవుల మీదికే పోతుంది. 2025 జనవరిలో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం దివ్యాంగ పింఛన్లను మళ్లీ తనిఖీ చేయడం మొదలుపెట్టింది. ఆగస్టు నాటికి 40 శాతం కంటే తక్కువ తేలిందంటూ నోటీసులు ఇంటింటికీ చేరాయి. ఊళ్లలో గగ్గోలు పుట్టింది. ధర్నాలు జరిగాయి. ఆ తర్వాతే అప్పీలుకు అవకాశమిచ్చి, అప్పీలు చేసుకున్నవారి పింఛను ఆపబోమని చెప్పారు.

అనర్హుల ఏరివేతను మేము తప్పుపట్టడం లేదు. నకిలీ సర్టిఫికెట్‌తో తీసుకునే ప్రతి 6,000 అర్హుడి నోటి దగ్గరి ముద్దే. అయితే ఏరే జల్లెడ సరిగా ఉందా అన్నది ముందు తేలాలి. పదేళ్ల కిందట ఒక డాక్టరు 60 శాతం అని రాసిచ్చిన మనిషికి ఇవాళ ఇంకో డాక్టరు 35 అంటే, ఇద్దరిలో ఒకరి లెక్క తప్పు. ఆ తప్పు భారాన్ని మాత్రం ఇద్దరు డాక్టర్లూ మోయడం లేదు.

ఈ శాతం ఎలా వస్తుందో పింఛను తీసుకునేవారిలో చాలామందికి ఎవరూ చెప్పరు. 2016 దివ్యాంగుల హక్కుల చట్టం ప్రకారం రెండు చెవుల్లోనూ మాట వినే ఫ్రీక్వెన్సీల్లో 70 డెసిబెల్స్ నష్టం ఉంటే బధిరులు, 60 నుంచి 70 మధ్య ఉంటే వినికిడి మందగించినవారు. ఒక్కో చెవిని 500, 1000, 2000, 4000 హెర్ట్జ్ దగ్గర పరీక్షించి సగటు తీస్తారు. దాన్నిబట్టి ఆ చెవికి ఒక శాతం వేస్తారు. తర్వాత బాగున్న చెవి శాతాన్ని ఐదుతో గుణించి, పాడైన చెవి శాతాన్ని కలిపి, మొత్తాన్ని ఆరుతో భాగిస్తారు.

ఈ ఐదూ ఆరూ లెక్కను ఒక్కసారి కాగితం మీద వేసి చూడండి. ఒక చెవి పూర్తిగా పోయి రెండోది నిక్షేపంగా ఉంటే వచ్చేది 17 లోపే. ఆ మనిషికి రోడ్డు మీద హారన్ ఏ వైపు నుంచి వస్తోందో తెలియదు. నలుగురు కూర్చుని మాట్లాడుతుంటే సగం అందదు. అయినా బాగున్న చెవితో బతుకు నడుస్తుందనుకుందాం. ఒక చెవి 100 శాతం, రెండోది 25 శాతం పోయినవారి సంగతేమిటి? 125కి 100 కలిపి ఆరుతో భాగిస్తే 37.5. చేతికొచ్చేది 40 లోపు వారికిచ్చే తెల్ల రంగు యూడీఐడీ (దివ్యాంగుల గుర్తింపు) కార్డు. దానితో పింఛను రాదు, రిజర్వేషన్ రాదు. ఈ మనిషికీ 40 శాతం ఉన్న మనిషికీ బతుకులో తేడా ఎంత? పింఛనులో తేడా నెలకు ఆరు వేలు.

గీత ఎక్కడో ఒకచోట గీయక తప్పదు, ఒప్పుకుంటాం. కానీ గీతకు అటూ ఇటూ రెండు మూడు శాతం దూరంలో ఉన్నవారిని కొలిచేటప్పుడు త్రాసు కచ్చితంగా ఉండాలి. మన త్రాసు అలా లేదు. హెడ్‌ఫోన్ పెట్టి వేలు ఎత్తించే పరీక్ష కూర్చున్న మనిషి జవాబు మీద ఆధారపడుతుంది. మోసం చేయాలనుకున్నవాడు వేలు ఎత్తడు. భయపడ్డవాడు వినపడకపోయినా ఎత్తుతాడు. చెవిలో హోరు ఉన్నవాడికి ఏది హోరో ఏది బీపో తెలియదు. పరీక్ష సౌండ్‌ప్రూఫ్ గదిలో చేయకపోతే బయటి చప్పుడు మెల్లటి బీప్‌లను మింగేస్తుంది. అప్పుడు మామూలు చెవికీ నష్టం ఉన్నట్టు కనిపిస్తుంది. అంటే గోల మధ్య చేసిన పరీక్షతో అనర్హుడు లోపలికి రాగలడు, అదే మనిషిని రేపు నిశ్శబ్దపు గదిలో కూర్చోబెడితే బయటికీ పోగలడు. అతను అబద్ధమాడనక్కర్లేదు. గది మారితే చాలు.

దీనికి మందుగా బెరా పరీక్షను చూపిస్తారు. తలకు ఎలక్ట్రోడ్లు అంటించి, శబ్దానికి వినికిడి నరం, మెదడు కాండం ఎలా స్పందిస్తున్నాయో చూసే పరీక్ష ఇది. వేలు ఎత్తే పని లేదు, పసిపిల్లలకూ చేయొచ్చు. మంచిదే, ప్రతి జిల్లాలోనూ ఉండాల్సిందే. కాకపోతే దాన్నీ దేవుడి వాక్కులా చూడకూడదు. క్లిక్ శబ్దంతో చేసే బెరా ముఖ్యంగా పై ఫ్రీక్వెన్సీల సంగతే చెబుతుంది. నరంలో లోపం ఉన్నవారికి బెరాలో గీత అసలు రాకపోవచ్చు, వేలు ఎత్తే పరీక్షలో మాత్రం కొంత వినికిడి ఉన్నట్టు తేలవచ్చు. రెండు పరీక్షలనూ పక్కపక్కన పెట్టి, రోగితో నాలుగు మాటలు మాట్లాడి తేల్చగలిగేది ఆడియాలజిస్టు. సౌండ్‌ప్రూఫ్ గది, ఏటేటా సరిచూసిన మిషను, తీరిక ఉన్న ఆడియాలజిస్టు, ఈ మూడూ తమ ఏరియా ఆసుపత్రిలో ఉన్నాయని ఎందరు సూపరింటెండెంట్లు గుండె మీద చెయ్యేసి చెప్పగలరు? ఇవి సమకూర్చకుండా తనిఖీకి దిగడం తూకంరాళ్లు లేకుండా కొట్టు తెరవడమే.

ఇంకో మాట. ఈ వ్యవహారమంతా చెవి మీదే నడుస్తుంది. స్లాట్ దొరికిందా అని అడగాలంటే సచివాలయానికో మీసేవకో వెళ్లి కిటికీ అద్దం వెనుక మనిషితో మాట్లాడాలి. క్యాంపులో పేరు గట్టిగా పిలుస్తారు, పలక్కపోతే తర్వాతి పేరు. అనుమానం తీర్చుకోవడానికి ఇచ్చేది ఫోన్ నంబరు. వినపడనివారికి ఫోన్ నంబరు! టోకెన్ నంబరు కనిపించే ఒక బోర్డు, మెసేజ్‌లకు జవాబిచ్చే ఒక మనిషి చాలు, సగం బాధ తీరేది. సంజ్ఞా భాష తెలిసిన దుబాసీ ఉండే క్యాంపు అరుదు. తల్లో, పదేళ్ల కూతురో మధ్యవర్తి అవుతారు. డాక్టరు ప్రశ్న పిల్ల నోటి మీదుగా వెళ్లి, జవాబు పిల్ల నోటి మీదుగానే వస్తుంది. 2023 సెప్టెంబరులో సారా సన్నీ అనే బధిర న్యాయవాది దుబాసీ సాయంతో సుప్రీంకోర్టులో వాదన వినిపించారు. దేశంలో అత్యున్నత న్యాయస్థానానికి సాధ్యమైనది జిల్లా ఆసుపత్రికి ఎందుకు కాదు?

ఇలాంటి సంపాదకీయాల్లో ‘ప్రభుత్వానికి చెవుడు వచ్చింది’ అని రాయడం పత్రికలకు అలవాటు. మేమూ రాశాం. వినబడనివారు వినడానికి పడే పాట్లు చూశాక ఆ పోలిక వారికి అవమానమని అర్థమైంది. ఇక మానుకుంటున్నాం.

పింఛను ఒక్కటే కాదు. ప్రభుత్వ ఉద్యోగాల్లో దివ్యాంగులకు 4 శాతం, అందులో బధిరులకూ వినికిడి మందగించినవారికీ కలిపి 1 శాతం రిజర్వేషన్ ఉంది. ఆదాయపు పన్నులో 75,000, వైకల్యం 80 శాతం లేదా అంతకు మించితే 1,25,000 మినహాయింపు వస్తుంది, పాత పన్ను విధానంలో ఉన్నవారికి మాత్రమే. రైల్వే రాయితీది మరీ వింత. వినపడకపోవడంతో పాటు మాట కూడా రానివారికే అది వర్తిస్తుంది. చిన్నప్పటి నుంచి స్పీచ్ థెరపీకి తిప్పి, ఉన్నదంతా ఖర్చుపెట్టి పిల్లవాడికి నాలుగు మాటలు నేర్పిన తల్లిదండ్రులకు రైల్వే కౌంటర్ చెప్పే జవాబు ఏమిటంటే, మాట వస్తోంది కాబట్టి రాయితీ రాదు. నడివయసులో చెవులు పూర్తిగా పోయినవారిదీ ఇదే గతి. స్టేషన్లో ప్లాట్‌ఫామ్ మారిందన్న అనౌన్స్‌మెంట్ వినపడక రైలు తప్పిపోయేది వీరికే. 2016 చట్టం వినికిడినీ మాటనూ వేర్వేరు వైకల్యాలుగా రాసింది. రైల్వే పుస్తకం ఇంకా పాత కాలంలోనే ఉంది.

చప్పుడు మధ్య పనిచేసి చెవులు పోగొట్టుకున్న కార్మికుల గురించి అసలు ఎవరూ మాట్లాడటం లేదు. గ్రానైట్ కోత మిషన్లు, క్రషర్లు, మరమగ్గాల షెడ్లు, బాయిలర్ షాపులు, గనుల్లో డ్రిల్లింగ్. మన రెండు రాష్ట్రాల్లో వీటికి కొదవలేదు. ఎనిమిది గంటల షిఫ్టుకు 90 డెసిబెల్స్ మించకూడదని ఫ్యాక్టరీ నిబంధనలు చెబుతాయి. సిరిసిల్ల వీధిలో నిలబడితే ఆ నిబంధన ఎంత అమలవుతోందో చెవులే చెబుతాయి. శబ్దం వల్ల వచ్చే చెవుడు 1923 నాటి పరిహార చట్టంలో వృత్తి వ్యాధుల జాబితాలోనే ఉంది. దాని స్థానంలోకి వచ్చిన సామాజిక భద్రత కోడ్‌లోనూ ఉంది. అలాంటి పనిలో వరుసగా ఆరు నెలలు చేసినవారికి ఆ వ్యాధి వస్తే, అది పని వల్ల వచ్చినట్టే లెక్క. కాదని రుజువు చేసుకోవాల్సింది యజమాని. ఈఎస్ఐ ఉన్నవారికి అక్కడే దారి ఉంది.

ఈ దారి సదరం దారి కాదని కార్మికులకు చెప్పేవారు లేరు. చప్పుడు దెబ్బ ముందుగా 4000 హెర్ట్జ్ దగ్గర తగులుతుంది. మిగతా మూడు చోట్లా చెవి ఇంకా పనిచేస్తూ ఉంటే నాలుగింటి సగటు 60 డెసిబెల్స్‌కి చేరదు, సదరంలో 40 శాతం రాదు. ‘నీకు ఏమీ రాదు పో’ అన్న మాటతో కార్మికుడు ఇంటికి వెళ్లిపోతాడు. పరిహారం చట్టం చూసేది మాత్రం సంపాదించే శక్తి ఎంత పోయిందన్నది. అక్కడ 40 అనే గడప లేదు. తెలిసేలోపు రెండేళ్ల గడువు దాటిపోతుంది. పైగా పనిలో చేరిన రోజు వినికిడి పరీక్ష చేయించి ఉంటే కదా, ఎంత పోయిందో చూపించగలిగేది! కాంట్రాక్టరు ఆ పరీక్ష చేయించడు, ఫ్యాక్టరీల తనిఖీ అధికారి అడగడు. సంఘాలు కూడా జీతం, బోనస్ దగ్గరే ఆగిపోతున్నాయి.

ఆంధ్రప్రదేశ్ మొదలుపెట్టిన తనిఖీ మరికొన్ని రాష్ట్రాలకు దారి కావచ్చు. తెలంగాణ కూడా సదరం నుంచి యూడీఐడీ పద్ధతికి మారింది, పాత సర్టిఫికెట్ల ప్రశ్న అక్కడా తలెత్తుతుంది. అందుకే ఇప్పుడే కొన్ని పద్ధతులు ఖాయం కావాలి. పాత శాతానికీ కొత్త శాతానికీ తేడా వచ్చిన ప్రతి కేసులో రెండో పరీక్ష సౌండ్‌ప్రూఫ్ గదిలో, వేరే ఆడియాలజిస్టు చేతుల మీదుగా జరగాలి. అది తేలేదాకా పింఛను ఆగకూడదు. ఈ భరోసా ధర్నాల తర్వాత ఇచ్చే ప్రకటనగా కాకుండా ఉత్తర్వుగా ఉండాలి. దొంగ సర్టిఫికెట్ తేలితే తీసుకున్నవాడితో పాటు సంతకం పెట్టిన డాక్టరు మీదా చర్య ఉండాలి. వయసు మళ్లినవారికి 40 శాతం రాకపోతే, వాళ్లను దరఖాస్తుల చుట్టూ తిప్పకుండా అదే నెలలో వృద్ధాప్య పింఛనులోకి మార్చాలి.

సర్టిఫికెట్ మీద అభ్యంతరం ఉంటే అప్పీలు చేసుకునే హక్కు 2016 దివ్యాంగుల చట్టంలోని 59వ సెక్షన్ ఇచ్చింది. కానీ దేని మీద అప్పీలు చేయాలి? నోటీసులో ఉండేది ఒక్క అంకె. ఏ చెవికి ఎన్ని డెసిబెల్స్, ఏ ఫ్రీక్వెన్సీలో ఎంత, పరీక్ష ఏ రోజు ఏ మిషన్ మీద చేశారు అన్నవి ఆసుపత్రి ఫైల్లోనే ఉండిపోతాయి. పరీక్ష ముగిసిన వెంటనే ఆడియోగ్రామ్ (వినికిడి పరీక్ష ఫలితం) కాపీని, బెరా చేసి ఉంటే దాని గీతల కాగితాన్ని, తెలుగులో రెండు ముక్కల వివరణతో ఆ మనిషి చేతిలో పెట్టి పంపాలి. వచ్చే నెల క్యాంపు నుంచే ఇది మొదలుపెట్టవచ్చు. దీనికి కొత్త జీవో అక్కర్లేదు, ఆసుపత్రిలో ఉన్న జిరాక్స్ మిషన్ సరిపోతుంది.