పారిపొమ్మన్నారు సరే, ఎవరితో కలిసి?

దసరా సెలవులొచ్చినా, క్రిస్మస్ దగ్గరపడినా తిరుపతిలో యవనస్థుల కూటాలు మొదలవుతాయి. ఆ కూటాల్లో తప్పకుండా వినిపించే వచనం ఒకటుంది. బైబిల్లో పౌలు తన శిష్యుడు తిమోతికి రాసిన రెండో పత్రిక (ఉత్తరం), రెండో అధ్యాయం, 22వ వచనం: "నీవు యౌవనేచ్ఛలనుండి పారిపొమ్ము." ప్రసంగీకుడు అంతవరకు గట్టిగా చదువుతాడు, పిల్లల చేత చెప్పిస్తాడు, అక్కడి నుంచి సెల్‌ఫోన్ మీదికి, సినిమాల మీదికి, అమ్మాయిల బట్టల మీదికి వెళ్లిపోతాడు. వచనం మాత్రం అక్కడ ఆగదు. "పవిత్ర హృదయులై ప్రభువునకు ప్రార్థన చేయువారితోకూడ నీతిని విశ్వాసమును ప్రేమను సమాధానమును వెంటాడుము" అని సాగుతుంది. దేన్ని వెంటాడాలో, ఎవరితో కలిసి వెంటాడాలో ఆ మిగతా సగం చెబుతుంది. మన పిల్లలు కామంతో ఇంత ఒంటరిగా పోరాడి ఓడిపోతున్నారంటే, అందుకు కారణం మనం చదవకుండా వదిలేసిన ఆ సగమేనని నా నమ్మకం.

తిరుపతి అంటే లోకానికి కొండ గుర్తొస్తుంది. చుట్టుపక్కల వాళ్లకు చదువులూ గుర్తొస్తాయి. 1954లో పుట్టిన ఎస్వీ యూనివర్సిటీ నుంచి 2015లో వచ్చిన ఐఐటీ, ఐసర్ దాకా, మధ్యలో మెడికల్ కాలేజీ, మహిళా విశ్వవిద్యాలయం, లెక్కలేనన్ని కోచింగ్ సెంటర్లు. పలమనేరు, పుత్తూరు, సత్యవేడు పల్లెల నుంచి వచ్చిన విశ్వాసుల పిల్లలు బాలాజీ కాలనీలోనో భవానీ నగర్‌లోనో గది తీసుకుంటారు. ఊళ్లో ఉన్నన్నాళ్లు ఆదివారం చర్చికి రాకపోతే సాయంత్రానికల్లా ఎవరో ఒకరు ఇంటికొచ్చి అడిగేవాళ్లు. ఇక్కడ అడిగేవాళ్లు లేరు. చేతిలో ఫోన్ ఉంది, 2016 తర్వాత డేటాకు కరువూ లేదు. 2018లో ఉత్తరాఖండ్ హైకోర్టు ఆదేశంతో కేంద్రం 827 అశ్లీల వెబ్‌సైట్లను మూయించింది. వాటిని ఎలా తెరవాలో ఇంటర్ చదివే పిల్లవాడికి కూడా తెలుసు.

విద్యార్థుల ప్రార్థన కూడికల్లో ప్రార్థన అవసరతలు చీటీల మీద రాయించి బుట్టలో వేయిస్తారు. ఆ చీటీలు విప్పి చదివే పని చేసినవాళ్లకు నేను చెప్పేది తెలుస్తుంది. "సప్లీలు పోవాలి", "అమ్మ మోకాళ్ల నొప్పి", "గ్రూప్స్ ప్రిలిమ్స్" అని చాలావరకు పేర్లతో సహా ఉంటాయి. మధ్యలో ఒక చీటీ నాలుగు మడతలు పెట్టి ఉంటుంది. పేరుండదు. "నా రహస్య బలహీనత కోసం" అన్న ఒక్క ముక్క. రాసిన చేయి ఒత్తి రాసిందని కాగితం వెనకవైపు తడిమితే తెలుస్తుంది. కూడిక నడిపే అన్నయ్య దాన్ని చదివి, "ప్రభువు ఆ బ్రదర్‌కి జయమివ్వాలి" అని ఒక వాక్యం ప్రార్థించి, తర్వాతి చీటీ తీస్తాడు. రాసినవాడు అదే గదిలో, అదే చాప మీద కూర్చుని, ఎవరి కళ్లలోకీ చూడకుండా ఆమెన్ అంటాడు. సాయం కావాలని అంత స్పష్టంగా అడిగినవాడిని మళ్లీ ఒంటరిగానే గదికి పంపించేస్తున్నాం.

ఆ తర్వాత జరిగేది చాలామందికి తెలిసిందే. శుక్రవారం ఉపవాస ప్రార్థనలో కన్నీళ్లతో తీర్మానం. కొన్నాళ్లు బాగానే ఉంటుంది. పరీక్షల టెన్షన్ ఉన్న రాత్రో, ఎవరితోనో మాట పడిన రాత్రో మళ్లీ పడిపోవడం. "నేను వేషధారిని, ప్రభువు బల్ల (చర్చిలో ఇచ్చే రొట్టె, ద్రాక్షారసం) తీసుకోవడానికి అర్హుడిని కాను" అన్న అపరాధ భావం. ఆ బాధ తట్టుకోలేక మళ్లీ అదే ఫోన్. సిగ్గు మనిషిని పాపం నుంచి దూరం చేస్తుందని మనం అనుకుంటాం. మనుషుల నుంచే దూరం చేస్తుందది, ఒంటరివాడిని చేసి తిరిగి పాపం దగ్గరికే తెస్తుంది.

మనసు నడిచే తీరు కూడా ఈ ఒంటరి తీర్మానాలకు అనుకూలం కాదు. 1987లో అమెరికాలో డేనియల్ వెగ్నర్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త, ఆయన సహచరులు కాలేజీ విద్యార్థులతో ఒక ప్రయోగం చేశారు. తెల్ల ఎలుగుబంటిని తలచుకోవద్దు, గుర్తొస్తే గంట కొట్టండి అన్నారు. గంట మోగుతూనే ఉంది. తర్వాత, ఇప్పుడు తలచుకోవచ్చు అన్నప్పుడు, ముందు అణచుకున్నవాళ్లకే అది ఎక్కువగా గుర్తొచ్చింది. "చూడను, చూడను" అని రాత్రంతా మోకాళ్ల మీద ఉన్నవాడి మనసులో ఉన్నది ఆ చూడకూడనిదే కదా. పారిపొమ్మన్న వెంటనే వెంటాడుము అని పౌలు ఎందుకన్నాడో ఇక్కడ అర్థమవుతుంది. మనసుకు వేరే పని కావాలి, వేరే ప్రేమ కావాలి, పక్కన మనిషి కావాలి.

కామంతో పోరాడి గెలిచినవాళ్ల పేరు చెప్పమంటే క్రైస్తవ లోకం ముందుగా చెప్పేది నాలుగో శతాబ్దంలో మారి, తర్వాత బిషప్ అయిన అగస్టీన్ పేరు. "ప్రభువా, నాకు పవిత్రత ఇవ్వు, కానీ ఇప్పుడే వద్దు" అని యవ్వనంలో ప్రార్థించినట్టు ఆయనే రాసుకున్నాడు. 386లో మిలాన్‌లో ఒక తోటలో ఆయన మారిన సంగతి మన ప్రసంగాల్లో కూడా వస్తుంది: ఏడ్చాడు, రోమా పత్రిక తెరిచాడు, 13వ అధ్యాయం చివరి వచనాలు చదివాడు, మారిపోయాడు. ఆ తోటలో ఆయన ఒక్కడే లేడన్న సంగతి మాత్రం మన ప్రసంగాల్లో రాదు. అలీపియస్ అనే స్నేహితుడు తోడు వచ్చాడు. ఏడుపు ఆగక అగస్టీన్ కాస్త దూరంగా వెళ్లినా, చదవగానే తిరిగొచ్చి ఆయనకే చూపించాడు. అలీపియస్ ఆ కింది మాట చదివాడు: "విశ్వాసము విషయమై బలహీనుడైనవానిని చేర్చుకొనుడి." అది తన కోసమే అన్నాడు. ఇద్దరూ కలిసి ఇంట్లోకి వెళ్లి అగస్టీన్ తల్లికి చెప్పారు. మన పిల్లలకు కావలసింది ఆ అలీపియస్.

ఇది కొత్త ఆలోచనేమీ కాదు. 1738లో ఇంగ్లండులో మెథడిస్టు ఉద్యమ నాయకుడు జాన్ వెస్లీ చిన్న చిన్న బృందాలకు నియమాలు రాశాడు. మగవాళ్లు వేరు, ఆడవాళ్లు వేరు, పెళ్లైనవాళ్లు వేరు, కానివాళ్లు వేరు. వారం వారం కలిసి ఒకరినొకరు అడగాలి: పోయినసారి కలిసిన తర్వాత తెలిసి చేసిన పాపాలేమిటి, ఏ శోధనలొచ్చాయి, ఎలా బయటపడ్డావు? కథోలిక్కులకు గురువు దగ్గర పాపసంకీర్తనం ఉండనే ఉంది. సౌత్ ఆంధ్రా లూథరన్ చర్చికి తిరుపతే కేంద్రం. ఆ సంఘాలవాళ్లకు తెలిసిన మార్టిన్ లూథర్ చిన్న కేటకిజంలో (విశ్వాస పాఠాల పుస్తకంలో) ఒక భాగం పాపాలు ఒప్పుకోవడం గురించే. వీటన్నిటికీ వెనక బైబిల్లో యాకోబు రాసిన పత్రికలోని మాట ఉంది: "మీరు స్వస్థతపొందునట్లు మీ పాపములను ఒకనితోనొకడు ఒప్పుకొనుడి; ఒకనికొరకు ఒకడు ప్రార్థనచేయుడి." దేవుని దగ్గర ఒప్పుకుంటే క్షమాపణ లేదని దీని అర్థం కాదు. స్వస్థత మాత్రం మనుషుల మధ్య దొరుకుతుందని యాకోబు చెబుతున్నాడు.

మరి మన దగ్గర ఎందుకు జరగదు? కారణం వేదాంతంలో లేదు, పెళ్లి సంబంధాల్లో ఉంది. తిరుపతి, చిత్తూరు క్రైస్తవ సమాజం చిన్నది. ఒక సంఘంలోని కుటుంబానికి ఇంకో సంఘంలో బంధువులుంటారు. అబ్బాయికో అమ్మాయికో సంబంధం వస్తే మొదటి ఫోన్ పాస్టర్ గారికే వెళుతుంది: "పిల్లవాడు ఎలాంటివాడు అయ్యగారూ?" రేపు తన గురించి ఆ జవాబు చెప్పాల్సిన మనిషి దగ్గరికి వెళ్లి ఏ కుర్రవాడు తన చూపు పాపం ఒప్పుకుంటాడు? పాస్టర్ గారు ఎంత మంచివారైనా ఈ ఇబ్బంది పోదు. పైగా విన్న సంగతిని పేరు చెప్పకుండా ప్రసంగంలో ఉదాహరణగా వాడుకునే అలవాటొకటి మన వేదికల మీద ఉంది. పేరు చెప్పకపోయినా ఊరు చిన్నది. ఒక్కసారి అలా జరిగితే ఆ సంఘంలో ఇంకెవరూ నోరు తెరవరు.

అమ్మాయిల సంగతి ఇంకా కష్టం. శోధన అబ్బాయిలకే వస్తుందన్నట్టు, అమ్మాయిలు శోధన తెచ్చేవాళ్లే అన్నట్టు మన బోధ నడుస్తుంది. బైబిల్లో దావీదు రాజు వేరొకరి భార్య బత్షెబను పిలిపించుకున్న కథ చెప్పే తీరు చూడండి. ఆమె స్నానం దగ్గర చాలాసేపు ఆగుతారు. సమూయేలు రెండో గ్రంథం 11వ అధ్యాయం మొదలయ్యేది అక్కడ కాదు. రాజులు యుద్ధానికి వెళ్లే కాలంలో దావీదు యెరూషలేములో ఉండిపోవడంతో మొదలవుతుంది. పొద్దుగూకే వేళ పడక మీద నుంచి లేచాడు, మిద్దె మీద తిరిగాడు, చూశాడు, ఆరా తీశాడు, మనుషుల్ని పంపి పిలిపించాడు. పని లేదు, అడిగేవాడు లేడు, అధికారం మాత్రం చేతిలో ఉంది. తర్వాత ప్రవక్త నాతాను వచ్చి దావీదుకు చెప్పిన కథలో, పేదవాడి గొర్రెపిల్లను లాక్కున్న ధనవంతుడు దోషి, గొర్రెపిల్ల బలి. బత్షెబను నాతాను ఒక్క మాట అనలేదు. యేసు కూడా మత్తయి ఐదో అధ్యాయంలో "మోహపుచూపుతో చూచు ప్రతివాడు" అని చూసేవాడి కంటినే పట్టుకున్నాడు. బట్టల గురించి అరగంట మాట్లాడే బోధకుడు ఆ కుర్రవాడికి మేలు చేయడం లేదు, తప్పించుకునే దారి చూపిస్తున్నాడు. అక్కడే కూర్చున్న అమ్మాయికి అంతకంటే పెద్ద అన్యాయం జరుగుతోంది. తనకూ ఇదే పోరాటం ఉందని ఇక ఆ పిల్ల ఏ పాస్టరమ్మ గారితో చెప్పుకుంటుంది?

ఇంట్లో తెలిస్తే పెద్దవాళ్లు వెంటనే వేసే మందు ఒకటుంది: "పెళ్లి చేస్తే సర్దుకుంటాడు." తోడు కోసం, ప్రేమ కోసం దేవుడిచ్చిన సంబంధాన్ని అలవాటు మాన్పించే చికిత్సగా వాడితే ఆ బరువంతా ఏమీ తెలియని అమ్మాయి మీద పడుతుంది.

అన్నిటినీ పాపం లెక్కలో వేయడం కూడా పొరపాటే. నిద్రలో స్ఖలనమైతే అపవిత్రుడినయ్యానని కుమిలిపోయే పిల్లలున్నారు. అది శరీర ధర్మం. పాపమూ కాదు, జబ్బూ కాదు. ఎవరూ చెప్పకపోవడంతో "గుప్త రోగాలు" అని గోడల మీద పోస్టర్లు వేసేవాళ్ల దగ్గరికి పోయి వేలు పోగొట్టుకుంటారు. ఇంకోవైపు, చదువూ పనీ పాడవుతున్నా, నెలల తరబడి మానాలని చూసినా చేతకాని స్థితి కొందరికి ఉంటుంది. 2022 జనవరి 1 నుంచి అమల్లోకి వచ్చిన ప్రపంచ ఆరోగ్య సంస్థ వర్గీకరణలో దాన్ని రుగ్మతగా చేర్చారు. ఇది తప్పు అన్న నైతిక బాధ ఒక్కటే ఉంటే రుగ్మత అనడానికి అది చాలదని కూడా అందులోనే చెప్పారు. తేడా తేల్చాల్సింది డాక్టరు. ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయ నంబరు టెలీ మానస్ 14416కి ఫోన్ చేయడం అవిశ్వాసం కాదు. జ్వరానికి మాత్ర వేసుకుని ప్రార్థన చేసుకునే మనం మనసు దగ్గరికి వచ్చేసరికి ఎందుకు ఆగిపోతాం?

రహస్యం ఎంత ప్రమాదమో సైబర్ నేరగాళ్లకు మనకంటే బాగా తెలుసు. తెలియని నంబరు నుంచి వీడియో కాల్ వస్తుంది, స్క్రీన్ రికార్డు చేస్తారు, మీవాళ్లకు పంపిస్తామని డబ్బు గుంజుతారు. వాళ్ల వ్యాపారమంతా ఆ పిల్లవాడు ఎవరికీ చెప్పుకోలేడన్న నమ్మకం మీదే నడుస్తుంది. అర్ధరాత్రి ఫోన్ చేయడానికి ఒక్క అన్నయ్య ఉంటే సైబర్ నేరాల సహాయ నంబరు 1930కి ఫిర్యాదు చేయడానికి ధైర్యమొస్తుంది. డబ్బు పోతే పోయింది, ప్రాణం దక్కుతుంది.

సంఘాలు చేయగలిగినది పెద్ద ఖర్చుతో కూడినది కాదు. ముగ్గురో నలుగురో, అబ్బాయిలు అబ్బాయిలతో, అమ్మాయిలు అమ్మాయిలతో, వారానికోసారి కలవాలి. పెళ్లి మాటలతో సంబంధం లేని, నోరు అదుపులో ఉన్న ఒక పెద్దవాళ్లు తోడుండాలి. వివరాలు తవ్వకూడదు. ఈ వారం ఎలా గడిచింది, ఏ వేళ కష్టమైంది అని అడిగితే చాలు. రాత్రి పదింటికి ఫోన్ గది బయట చార్జింగ్ పెట్టడం లాంటివి అక్కడే తేల్చుకోవచ్చు. విన్నది బయటికి పోకూడదు, ఒక్క విషయంలో తప్ప: పిల్లల మీద చేయి వేసినా, ఎవరినైనా బలవంతం చేసినా అది బలహీనత కాదు, నేరం. పిల్లలపై లైంగిక నేరాలకు సంబంధించిన పోక్సో చట్టం ప్రకారం పిల్లల విషయం తెలిసినవాళ్లు పోలీసులకు చెప్పి తీరాలి. ప్రార్థన పేరుతో దాన్ని దాచే హక్కు ఏ సంఘానికీ లేదు. ఈ మాట మొదటి రోజే అందరికీ చెప్పేయాలి.

పాస్టర్లకు కూడా ఇలాంటి బృందం కావాలి. అందరి బాధలూ వినే ఆయనకు తన బాధ చెప్పుకునే చోటు లేదు. ఇతరులకు ప్రకటించిన తర్వాత తానే భ్రష్టుడినైపోతానేమోనని భయపడి శరీరాన్ని నలగగొట్టుకున్నానని పౌలే రాశాడు. నెలనెలా జరిగే పాస్టర్ల ఫెలోషిప్‌లలో ప్రసంగం, భోజనం, ఫొటో అవుతాయి. ఆ ప్రసంగాన్ని సగం తగ్గించి, ఇద్దరిద్దరుగా కూర్చుని మాట్లాడుకునే సమయం పెట్టుకుంటే, యవనస్థుల్ని అలా కూర్చోబెట్టడం ఎలాగో వాళ్లకు వేరే ఎవరూ నేర్పక్కర్లేదు.