"రాజమండ్రి తీసుకెళ్లిపోండి" అంటే సరిపోతుందా అండి?

ఇక్కడి డాక్టరుగారు చీటీ మీద రెండు ముక్కలు గీకి చేతిలో పెట్టేస్తే దాన్ని రిఫరల్ (పెద్దాసుపత్రికి పంపడం) అంటారా? గుండె రక్తనాళంలో స్టెంట్ (నాళం మూసుకోకుండా ఉంచే చిన్న గొట్టం) వేయించుకున్నవాడిగా అడుగుతున్నా. మా రాజోలు, అమలాపురం వైపు గుండె పేషెంట్లు నలుగురు కలిస్తే వచ్చే మాట ఇదే. పెద్ద డాక్టరు దగ్గరికి పంపడం మీద మాకేం కోపం లేదండి. ఎందుకు పంపుతున్నారో, ఇప్పుడే పరిగెత్తాలో, వచ్చే వారం వెళ్లినా పర్లేదో చెప్పరు చూడండి, అక్కడే మండుతుంది.

నాకిచ్చిన చీటీలో ఆసుపత్రి పేరుంది, డాక్టరు పేరుంది, ఫోన్ నంబరుంది. నా రోగం సంగతి మాత్రం లేదు. ఈసీజీలో ఏం కనిపించింది, ఏ మాత్రలు వేశారు, ఎన్ని గంటలకి వేశారు, ఒక్క ముక్క రాయలేదు. అక్కడికెళ్లాక మళ్లీ ఈసీజీ తీశారు. తీయడం తప్పని అనను, కానీ ఏం మారిందో తెలియాలంటే పాతది పక్కన ఉండాలి కదా! ఎన్టీఆర్ వైద్య సేవ, అదే మన ఆరోగ్యశ్రీ, అక్కడ వర్తిస్తుందో లేదో కూడా కౌంటరు దగ్గర నిలబడ్డాకే తెలిసింది.

ఇక కమీషన్ గొడవ. పేషెంటుని పంపినందుకు డాక్టర్లు డబ్బు పుచ్చుకోకూడదని 2002 నాటి మెడికల్ కౌన్సిల్ నిబంధనల్లోనే ఉంది. ఊళ్లో ఆర్‌ఎంపీకి ఆ నిబంధనలు వర్తించవు, ఆయన డాక్టర్ల రిజిస్టర్‌లోనే ఉండడు. దాంతో ఎవరు ఎక్కడికి పంపినా "ఇందులో ఈయనకెంతో" అని జనం లెక్కలేస్తారు. డబ్బు పోవడం ఒక ఎత్తు, నిజంగా వెళ్లాల్సినవాడు కూడా "ఆయన అందరికీ అలాగే చెప్తాడులే" అని గ్యాస్ బిళ్ళ వేసుకుని పడుకోవడం ఇంకో ఎత్తు. నన్నడిగితే అసలు నష్టం ఇదే.

ఎందుకంటే రక్తనాళం పూర్తిగా మూసుకుపోయిన గుండెపోటులో నిమిషం నిమిషానికీ గుండె కండ చచ్చిపోతూ ఉంటుంది. 2 గంటల్లోపు యాంజియోప్లాస్టీ (మూసుకున్న నాళాన్ని తెరిచే చికిత్స) చేయగలిగే చోటికి చేరితే సరే, చేరలేమనుకుంటే గడ్డ కరిగించే ఇంజెక్షన్ దగ్గర్లోనే ఇచ్చి అప్పుడు పంపాలి (అది పడనివాళ్లూ ఉంటారు, చూసే ఇస్తారు). టెనెక్టెప్లేస్ అని, మన రాష్ట్రంలో ప్రభుత్వ ఆసుపత్రుల్లో ఉచితంగా ఇచ్చే ఏర్పాటు ఉంది. అంతర్వేది వైపు మనిషికి నొప్పి వస్తే, గోదావరి దాటి నర్సాపురం వెళ్లాలన్నా సఖినేటిపల్లి రేవులో పంటు (రేవు దాటించే పెద్ద పడవ) కోసం చూడాలి, లేకపోతే చించినాడ వంతెన మీదుగా చుట్టూ తిరగాలి. అలాంటివాణ్ణి ఇంజెక్షన్ ఊసే ఎత్తకుండా కారెక్కించి రాజమండ్రి పొమ్మంటే ఏమనాలి? కనీసం 108 పిలవమని అయినా చెప్పాలా వద్దా?

వెళ్లడం ఒక తంటా అయితే, తిరిగొచ్చాక ఇంకోటి. అక్కడ ఏం చేశారో ఇక్కడి డాక్టరుగారికి ఎవరూ చెప్పరు, ఇంగ్లీషు డిశ్చార్జి కాగితం మోసుకు తిరిగేది మేమే. పన్ను పీకించుకోవడానికి వెళ్తే, రక్తం పల్చబడే మాత్రలు ఆపుకుని రమ్మని ఒకాయన, ఆపితే స్టెంట్ మూసుకుపోతుందని ఇంకొకాయన. ఇద్దరూ చదువుకున్నవాళ్లే, ఇద్దరి దగ్గరా ఫోన్లున్నాయి. వాళ్లలో వాళ్లు ఒక్క నిమిషం మాట్లాడుకుంటే పోయేదానికి మధ్యలో నన్ను తిప్పుతారేంటండీ?